నడుమ ఆగిన పని

నాంపల్లినుండి బేగంపేటవైపు పోవు రైలు లక్డీకాపూల్, ఖైరతాబాదు స్టేషనులను దాటిపోవును. దానిని ఆపవలెనన్నచో ఎఱ్ఱదీపము చూపుదురు గాని చక్రములకు దుంగ అడ్డము వేయరు. డ్రైవరు దీపమును చూచి రైలును క్షేమముగా నిలుపును. కంప్యూటరులో దీర్ఘకాలము సాగు పనిని ఆపుటయు నిట్టిదే.

1970లో ఎడ్గర్ కాడ్ సమాచారమును పట్టికలుగా అమర్చు పద్ధతిని ప్రతిపాదించెను. పలువురు ఒకేసారి పట్టికలను మార్చుచుండగా ఒకరి పని సగములో నిలిచినచో ఏమి కావలెను? ఐ.బి.ఎం. సంస్థలో 'సిస్టమ్ ఆర్' నిర్మాణమున పాల్గొన్న జిమ్ గ్రే, అతని సహచరులు దీనిని పరిశీలించిరి. పని అంతయు జరుగవలెను. లేదా ఏమియు జరుగనట్లుండవలెను. ఇట్టి పనికి ట్రాన్సాక్షన్ అని పేరు. మార్పులను ముందుగా చిట్టాలో వ్రాసికొన్నచో, పని ఆగినపుడు చిట్టాను వెనుకనుండి చదువుచు వానిని రద్దుచేయవచ్చును.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 'క్రిస్' సంస్థ రూపొందించిన 'కాన్సర్ట్' అను రైల్వే రిజర్వేషను వ్యవస్థ 1994లో సికింద్రాబాదున అమలయ్యెను. 1999లో ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రములు ఒకదానితో నొకటి కలుపబడెను. ఒకే బెర్తును హైదరాబాదులో ఒకరును, చెన్నైలో ఒకరును కోరవచ్చును. ఒకరి పని సగములో ఆగినంతమాత్రమున ఆ బెర్తు ఎవరికిని దక్కక తాళము పడియుండరాదు కదా!

ఒక ప్రోగ్రాములో ఏకకాలమున సాగు పనిపాయలను థ్రెడ్లందురు. డేటాబేసును కాపాడు సర్వరును ఒక థ్రెడ్డు ప్రశ్న అడిగి, జవాబుకై వేచియుండును. వేచియున్నది తానే 'వద్దు' అని చెప్పజాలదు. మరియొక థ్రెడ్డు చెప్పవలెను. వేచియున్నదానిని బలవంతముగా చంపినచో, ఆ సంగతి ఎఱుగని సర్వరు వృథాగా పని సాగించుచునే యుండవచ్చును. జావా భాషలో థ్రెడ్డును హఠాత్తుగా ఆపు 'స్టాప్' అను ఆజ్ఞ సగము మారిన వస్తువులను ఇతర థ్రెడ్ల కంటబెట్టుచుండెను. అందువలన 1998లో దానిని వాడవలదని ప్రకటించిరి. డేటాబేసు ప్రశ్నను వేరొక థ్రెడ్డు ఆపించుటకు 'కాన్సిల్' అను ఆజ్ఞ ప్రత్యేకముగా కలదు.

1986లో బర్క్‌లీలో ఆరంభమైన 'పోస్ట్‌గ్రెస్' వంశమునకు చెందిన 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్' పద్ధతిని చూడుడు. రద్దు కోరిక వేరొక సంధానముమీద, రహస్యసంఖ్యతో సర్వరును చేరును. అక్కడ ఒక గుర్తు నిలుపబడును. ప్రశ్నను నడుపు భాగము నడుమ నడుమ, క్షేమమైన చోట్ల, ఆ గుర్తును పరికించుచుండును. కనబడగానే పని విడుచును. ఆ ట్రాన్సాక్షన్ చేసిన మార్పులు చెల్లవు.

కాని కోరిక చేరులోపలనే పని ముగిసిపోవచ్చును. అపుడు రద్దు చేయుటకు ఏమియు మిగులదు. ఆపుమని కోరుట వేరు, ఆగినదని తెలిసికొనుట వేరు. కావున ప్రోగ్రాము వ్రాయు విద్యార్థి రద్దు కోరినంతనే టికెట్టు సొమ్ము తిరిగి ఇచ్చివేయరాదు; సర్వరు 'ఆగినది' అనెనో, 'ముగిసినది' అనెనో విని, పిమ్మట అడుగు వేయవలెను.