ఆదవానిసీమయుఁ గైఫీయతుల ప్రశ్నోత్తరములును

ఎమ్మిగనూరుతోఁ గూడిన ఆదవానిసీమ 1800లో నిజామువలనఁ గుంపిణీ వశమయ్యెను. ఆ దత్తమండలములందుఁ బూర్వవృత్తాంతములు సేకరించుటకు మెకంజీదొర తన పరిజనమును నియోగించెను. ఈ పనికిఁ ద్రోవ చూపిన కావలి బొఱ్ఱయ్య 1803లో గతింపఁగాఁ దమ్ముఁడు లక్ష్మయ్య దానిని సాగించెను. కరణములను, పండితులను, వృద్ధులను బ్రశ్నించి వ్రాయించినవే కైఫీయతులు.

‘ఎట్లు’ అను నర్థముగల ‘కైఫ’ యను అరబ్బీ ప్రశ్నార్థకమునుండి యీ శబ్దము పుట్టినది. ఉత్తరమునకుఁ బ్రశ్నయే పేరైనదన్నమాట! వైయాకరణున కిది యొక వేడుక.

అయితే అడిగినది క్రొత్త ప్రభువు పక్షము. చెప్పినవానికి మాన్యము నిలుచునో పోవునో యను చింత. కావున మాన్యముల ప్రాచీనతనుగూర్చిన మాటను శాసనముతోఁ బోల్చక నేను గ్రహింపను. 1786లో టిప్పుసుల్తాను ఆదవానికోటను బట్టుటను జూచినవా రప్పటికి సజీవులై యుందురు. వారి పలుకు ప్రత్యక్షము. విజయనగర రాయలనుగూర్చినది వినికిడి. లేఖకుఁడు రెంటిని నొకే కలముతో వ్రాసెను. వేఱుపఱుచుట చదువరి పని.