వెన్న శాతం ఎవరు చూడాలి? – పాల పరీక్ష శిక్షణ చరిత్ర

గేదెను అప్పు తీసుకుని కొనేది మనం. గడ్డి కోసేది, కుడితి పెట్టేది, తెల్లారుజామున లేచి పాలు పితికేది కూడా మనమే. కానీ ఆ పాలకు ధర కట్టే అంకెను మాత్రం చాలా ఏళ్లు మనం చూడలేదు. కేంద్రంలో చిట్టీ మీద ఆరు అని రాస్తే ఆరు, అయిదు అని రాస్తే అయిదు. ఎందుకు తగ్గిందని అడిగితే "మీ గేదెనడుగు" అనేవారు. ఈ సంవత్సరం మా గ్రామ సంఘాల సభ్యులు కొందరు పాల పరీక్షలో శిక్షణ తీసుకున్నారు. అందుకే ఆ పరీక్ష ఎక్కడ పుట్టింది, ఎవరెవరి చేతులు మారి మన దాకా వచ్చింది అనేది నివేదికలో రాయాలనుకున్నాం.

వెనకటి రోజుల్లో పరీక్ష అంటే కన్ను, వేలు. గోటి మీద చుక్క వేస్తే జారిపోయినవి నీళ్లపాలు, నిలిచినవి చిక్కటి పాలు. తర్వాత లాక్టోమీటర్ వచ్చింది. అది పాలలో తేలే గాజు గొట్టం. నీళ్లు కలిపితే లోపలికి మునిగి రీడింగు తగ్గుతుంది. దాన్ని చూసి అందరూ భయపడేవారు గానీ, దానికీ ఒక లోపం ఉంది. మీగడ తీసేస్తే రీడింగు పెరుగుతుంది. కాబట్టి మీగడ తీసి, లెక్కగా నీళ్లు పోస్తే ఆ గొట్టం "మంచి పాలే" అంటుంది. మోసం చేసేవాడికి ఈ సంగతి తెలుసు, నిజాయితీగా పోసేవాళ్లకు తెలియదు.

ఇదే గొడవ అమెరికాలో విస్కాన్సిన్ అనే రాష్ట్రంలో కూడా ఉండేది. అక్కడ పాలను బరువు చూసి కొనేవారు. చిక్కటి పాలు పోసినా, పలచటివి పోసినా ఒకటే ధర. ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పనిచేసే స్టీఫెన్ బాబ్‌కాక్ 1890లో వెన్న కొలిచే పరీక్ష కనిపెట్టి, దాని మీద పేటెంటు తీసుకోకుండా అందరికీ వదిలేశాడు. ఆ తర్వాత కొద్ది కాలానికే స్విట్జర్లాండులో నిక్లాస్ గెర్బర్ ఇలాంటిదే ఇంకో పద్ధతి తెచ్చాడు. మన దేశంలో పాల కేంద్రాలకు చేరింది ఈ గెర్బర్ పద్ధతే.

దీని గొప్ప ఏమిటంటే, పెద్ద చదువులు లేనివాళ్లు కూడా చేయగలరు. సన్నటి మెడ ఉన్న బ్యుటిరోమీటర్ అనే గాజు గొట్టంలో ముందుగా 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తారు. దాని మీద 10.75 మిల్లీలీటర్ల పాలు గోడవారగా నెమ్మదిగా వదులుతారు. తర్వాత 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్. రబ్బరు బిరడా బిగించి ఊపితే గొట్టం చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. ఆమ్లం పాలలో వెన్న తప్ప మిగతాదంతా కరిగించేస్తుంది. ఆ గొట్టాలను సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి 4, 5 నిమిషాలు తిప్పి, 65 డిగ్రీల వేడి నీళ్లలో ఉంచితే వెన్న పసుపుపచ్చగా మెడలోకి వచ్చి నిలుస్తుంది. మెడ మీద గీతలు లెక్కపెడితే అదే శాతం. అడిగేవాళ్లు ఎవరైనా వచ్చి కళ్లతో చూసుకోవచ్చు.

పరీక్ష వచ్చింది సరే, నేర్పింది ఎవరికి? మన దేశంలో పాడి చదువుకు బెంగళూరులో 1923లో పెద్ద సంస్థ పెట్టారు. 1927లో గాంధీగారు కూడా అక్కడికి వెళ్లి పశుపోషణ గురించి తెలుసుకున్నారు. 1955లో దాని ముఖ్య కేంద్రం హర్యానాలోని కర్నాల్‌కు మారింది. అక్కడ చదివినవాళ్లు డెయిరీలలో ఉద్యోగస్తులయ్యారు. పల్లెలో ఒక మనిషికి నేర్పాలనే అవసరం గుజరాత్‌లో ఖేడా రైతుల సహకార సంఘం 1946లో మొదలయ్యాక వచ్చింది. అక్కడ ఊరూరా సంఘం పెట్టి, ఎవరి పాలు వాళ్లకు విడిగా పరీక్షించి, వెన్నను బట్టి డబ్బులిచ్చారు. అందుకని ఆ ఊరివాళ్లలోనే ఒకరు టెస్టర్ కావాల్సి వచ్చింది. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ ఈ పద్ధతిని దేశమంతా తిప్పింది. మన దగ్గర 1974లో ఆంధ్రప్రదేశ్ పాడి అభివృద్ధి సంస్థ ఏర్పడింది.

అయితే పల్లె సంఘాల్లో సెక్రటరీ మగవాడే, టెస్టరూ మగవాడే. సభ్యత్వం ఇంటాయన పేరు మీద ఉండేది, శిక్షణకు పేరు వచ్చినా ఆయనకే వచ్చేది. ఆడవాళ్లు క్యాను దించి వెళ్లిపోవడమే. 1986-87లో కేంద్ర ప్రభుత్వం స్టెప్ అనే మహిళల శిక్షణ, ఉపాధి పథకం తెచ్చింది. దాని కింద మన రాష్ట్రంలో మహిళా పాల సంఘాలు ఏర్పడ్డాయి. 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ఆ దారిలోనే ములుకనూరు మహిళలు సొంత డెయిరీ నిలబెట్టారు. స్వకృషి అనే పేరు మీద పాలు అమ్ముతున్నారు. ఆడవాళ్లకు ఆమ్లాలు, లెక్కలు చేతకావనే మాట అప్పటికీ అనేవాళ్లు అన్నారు. రోజూ పొయ్యి దగ్గర సలసల కాగే నూనెతో పనిచేసేవాళ్లకు జాగ్రత్త గురించి చెప్పడం మాకైతే నవ్వు తెప్పిస్తుంది.

మా శిక్షణలో ఎక్కువ రోజులు ఆమ్లం మీద కాదు, శాంపిల్ మీదే పోయాయి. మీగడ పైకి తేలుతుంది కదా. క్యానును బాగా కలపకుండా పైపైన ముంచితే వెన్న ఎక్కువ చూపిస్తుంది, అడుగున తీస్తే తక్కువ. అంకె మారడానికి గొట్టం దాకా పోనక్కర్లేదు, గరిటె దగ్గరే మారిపోతుంది. ఇంకో సంగతి విని మేమందరం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. మొదట పితికే పాలలో వెన్న తక్కువ, ఆఖరి పాలలో ఎక్కువ. మనలో చాలామంది ఆఖరి పాలు దూడకు వదిలేస్తాం. మొదట్లోనే దూడకు ఒక చన్ను వదిలి, మిగతావి పూర్తిగా పితకమన్నారు.

దశాంశం దగ్గర కొందరికి కష్టమైంది. అందుకే డబ్బులతో చెప్పుకున్నాం. కిలో వెన్నకు 800 రూపాయలు కడతారనుకోండి. రోజుకు 10 లీటర్లు పోసే ఇంటికి 6.5 రావాల్సిన చోట 6.0 రాస్తే రోజుకు సుమారు 40 రూపాయలు పోతాయి. నెలకు 1200. చాలామందికి సంఘం అప్పు కిస్తీలో అది పెద్ద భాగం. ఆ లెక్క బోర్డు మీద వేశాక చుక్క పక్కన అంకెను ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు.

ఇప్పుడు చాలా కేంద్రాల్లో ఎలక్ట్రానిక్ మిషన్లు వచ్చాయి. నిమిషంలోపే వెన్న చూపించి, చిట్టీ కొట్టిస్తాయి. ఇక మనుషులకు నేర్పడం ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. మిషన్ను రోజూ కడగకపోతే, సరిచేయించకపోతే అదీ తప్పు చెబుతుంది. అది సరిగా ఉందా లేదా అని తేల్చేది మళ్లీ ఆ గెర్బర్ గొట్టమే. కాబట్టి ప్రతి కేంద్రంలో ఒక సెట్టు ఉండాలని, వారానికోసారి సభ్యుల ముందే మిషన్ను సరిచూడాలని, టెస్టర్‌కు ఇచ్చే గౌరవ వేతనం పెంచాలని మేము సమాఖ్య సమావేశంలో తీర్మానం పెట్టాం. మొదటి రెండూ ఒప్పుకున్నారు. వేతనం సంగతి ఇంకా తేలలేదు.

రెండో విడత శిక్షణకు పేర్లు గ్రామ సంఘాల మీటింగుల్లో రాసుకుంటున్నాం. కేంద్రానికి ఇద్దరు చొప్పున రావాలి, ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు ఉండాలి. పదో తరగతి అక్కర్లేదు. చిట్టీ చదివి, చుక్క పక్కన అంకె ఎంతో చెప్పగలిగితే చాలు.