తేలియాడు తాకట్టు

పరిమిత బాధ్యత గల కంపెనీ యనగనే, వ్యాపారము మునిగినను యజమాని ఇల్లువాకిలి దక్కునను మాటయే మనకు స్ఫురించును. కాని ఇంగ్లండులో 19వ శతాబ్ది చివర చిన్న వర్తకులు సైతము కంపెనీల నేర్పరచుకొనుటకు మరియొక కారణము కలదు. కంపెనీకి అప్పు సులభముగ పుట్టెడిది.

సొంత పేర వర్తకము చేయువానికి భూవసతి లేనిచో, కుదువ పెట్టుటకు మిగులునది సరకే. సరకు నేడు కొట్టులో నుండును, రేపు అమ్ముడుపోవును. 1882 నాటి విక్రయపత్రముల చట్టము ప్రకారము తాకట్టు వస్తువుల నన్నింటిని పట్టికలో పేర్కొనవలెను, పత్రమును రిజిస్టరు చేయింపవలెను. ముందు రాబోవు సరకుపై వ్రాసిన తాకట్టు ఇతర ఋణదాతల యెదుట చెల్లదు. నిత్యము సరకు మారు అంగడికి ఇది అసాధ్యమే గదా!

కంపెనీల డిబెంచర్లకు ఆ చట్టము అడ్డు రాలేదు. అంతకుముందే, 1870లో, పనామా రాయల్ మెయిల్ కంపెనీ వ్యవహారమున, కంపెనీ తన సర్వస్వమును, రాబోవు ఆస్తితో సహా, అప్పునకు హామీగ నుంచి యథాప్రకారము వ్యాపారము సాగింపవచ్చునని న్యాయస్థానము అంగీకరించెను. దీనినే ఫ్లోటింగ్ చార్జి యందురు. ఆకసమున తిరుగు గ్రద్దవలె అది సరకుపై తేలుచుండును. కంపెనీ మూతపడిననాడు, అప్పటికి మిగిలిన దానిపై వాలును.

లండను వైట్‌చాపెల్‌లో బూట్ల వర్తకుడు ఆరన్ సాలమన్ 1892లో తన వ్యాపారమును కంపెనీకి అమ్మెను. చట్టము కోరిన ఏడుగురు సభ్యులు ఎవరు? తాను, భార్య, ఐదుగురు బిడ్డలు! ధరలో భాగముగ 20,000 వాటాలును, 10,000 పౌనుల డిబెంచర్లును పుచ్చుకొనెను. 1893లో బ్రోడరిప్ అను నతడు ఆ డిబెంచర్లపై 5,000 పౌనులు అప్పిచ్చెను. ఆ యేడే కంపెనీ కూలెను. బ్రోడరిప్ బాకీ తీరగా మిగిలిన కొద్దిపాటి సొమ్ము సాలమన్‌కే చెందవలసియుండెను. హామీ లేక సరకిచ్చిన వారికి చిల్లిగవ్వ లేదు. క్రింది న్యాయస్థానములు ఆగ్రహించినవి. ప్రభువుల సభ మాత్రము, కంపెనీ వేరు, సాలమన్ వేరు అని 1896లో ఏకగ్రీవముగ తీర్పు చెప్పెను.

న్యాయశాస్త్ర గ్రంథములు ఈ తీర్పును కంపెనీ వ్యక్తిత్వమునకు ఆధారముగ చూపును. నాకు మాత్రము అందలి అప్పు కథయే ముఖ్యమని తోచును. సాలమన్ పక్షమున తీర్పు చెప్పిన మెక్నాటన్ ప్రభువే, డిబెంచరుదారులు సర్వమును ఊడ్చుకొనిపోవుట సిగ్గుచేటనెను. మరుసటి యేడు, అనగా 1897లో, పనివారి జీతములు, పన్నులు ఫ్లోటింగ్ చార్జికి ముందు చెల్లింపవలెనని శాసనము వచ్చెను.

బ్యాంకులు వెనుకపడలేదు. చిన్న కంపెనీకి అప్పిచ్చుచు, యజమాని చేత సొంత పూచీపై సంతకము చేయించుకొనుట పరిపాటియయ్యెను. కంపెనీ కాచిన ఇల్లువాకిలి ఆ సంతకముతో మరల అప్పుక్రిందికి వచ్చెను. అయినను సామాన్య భాగస్వామ్యమునకు ఈ తేలియాడు తాకట్టు దక్కలేదు. రైతులకు మాత్రము, బ్యాంకు అప్పుల కొరకు, 1928లో ప్రత్యేక చట్టము దానిని ప్రసాదించెను. 2000 నాటి చట్టము క్రింద ఏర్పడు పరిమిత బాధ్యతా భాగస్వామ్యములును దానిని పొందినవి.