పోయెమ్స్: అయిదు అక్షరాల వ్యాధి

ప్రతిదేహాలను తయారుచేసే తెల్ల రక్తకణాలైన ప్లాస్మా కణాల కణితులతో ముడిపడిన ఒక అరుదైన వ్యాధికి 1980లో బార్డ్విక్ బృందం ‘పోయెమ్స్’ అని పేరు పెట్టింది. ఇది అయిదు ఆంగ్ల పదాల తొలి అక్షరాల కూర్పు. ఇందులో ‘పి’ పలు నరాలు దెబ్బతినడాన్ని, ‘ఓ’ కాలేయం, ప్లీహం వంటి అవయవాలు పెరగడాన్ని, ‘ఇ’ హార్మోన్ల అస్తవ్యస్తతను, ‘ఎమ్’ ఒకే రకం ప్లాస్మా కణాలు విడుదల చేసే అసాధారణ ప్రోటీన్‌ను, ‘ఎస్’ చర్మ మార్పులను సూచిస్తాయి. చర్మం నల్లబడి మందం కావడం, వెంట్రుకలు ఒత్తుగా పెరగడం, గోళ్లు తెల్లబారడం, రక్తనాళాలతో నిండిన ఎర్రని బొడిపెలు లేవడం ఈ మార్పులలో ముఖ్యమైనవి. జపాన్‌లో దీనినే క్రో–ఫుకాసె సిండ్రోమ్ అని కూడా వ్యవహరిస్తారు. కాళ్ల తిమ్మిరి, బలహీనతలతో పాటు ఇలాంటి చర్మ లక్షణాలు కనిపించినప్పుడు వైద్యులు ఈ వ్యాధిని తప్పక దృష్టిలో ఉంచుకోవాలి.