కొత్త చేయని బిడ్డ: రుమేనియా అనాథాశ్రమాలూ విదేశీ దత్తతా

ఏడెనిమిది నెలలు వచ్చేసరికి మన ఇళ్ళలో పిల్లలు కొత్త చేయడం మొదలుపెడతారు. అంతవరకూ ఎవరెత్తుకున్నా నవ్విన పిల్ల, ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మ చేతులు చాస్తే మొహం తిప్పుకుని తల్లి భుజంలో తల దాచుకుంటుంది. ‘అప్పుడే కొత్త చేస్తోందే!’ అని పెద్దవాళ్ళు మురిసిపోతారు. తనవాళ్ళెవరో పిల్లకు తెలిసివచ్చిందన్న మురిపెం అది. 1990లో రుమేనియా శిశుగృహాలకు వెళ్ళినవాళ్ళు దీనికి పూర్తిగా భిన్నమైన పిల్లల్ని చూశారు. రెండు మూడేళ్ళ వాళ్ళు కూడా గదిలోకి అడుగుపెట్టిన ఏ కొత్త మనిషికైనా చేతులు చాచేవారు, కాళ్ళకు చుట్టుకునేవారు, ఎత్తుకుంటే దిగేవారు కారు. దత్తత కోసం సముద్రాలు దాటి వచ్చిన దంపతులకు అది ప్రేమగా తోచడం సహజం. ఈ బిడ్డే మమ్మల్ని ఎంచుకుందనిపించడమూ సహజమే. ఆ చాచిన చేతులకు నిజంగా అర్థమేమిటన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న. దానికి దొరికే జవాబును బట్టి, విదేశీ దత్తత మంచిదా చెడ్డదా అని సాగుతున్న వాదమే దారి మార్చుకోవలసి ఉంటుందని నా అభిప్రాయం.

1966 అక్టోబరులో రుమేనియాలోని నికొలాయ్ చౌషెస్కు ప్రభుత్వం 770వ డిక్రీ తెచ్చింది. నలభై ఐదేళ్ళు దాటిన స్త్రీలకూ, నలుగురు పిల్లల తల్లులకూ, ఇంకా కొద్దిపాటి మినహాయింపులకూ తప్ప గర్భస్రావాన్ని నేరం చేసింది. జనాభా పెంచి పరిశ్రమలకు పనివాళ్ళను సమకూర్చుకోవాలన్నది దాని ఉద్దేశం. ఆ ఏడాది సుమారు 2.73 లక్షలున్న జననాలు 1967లో 5.27 లక్షలకు పెరిగాయి. పిల్లల్ని కనమని శాసించిన రాజ్యం వాళ్ళ తిండికి మాత్రం పూచీ పడలేదు. పైగా 1980లలో విదేశీ అప్పు తీర్చడం కోసం పండిన పంటను ఎగుమతి చేసి, సొంత ప్రజలకు రేషన్ కార్డులు చేతిలో పెట్టింది. సాకలేని తల్లిదండ్రులు పిల్లల్ని సర్కారు గృహాలకు అప్పగించారు.

మూడేళ్ళ లోపు పిల్లలను ఉంచే గృహానికి రుమేనియన్ భాషలో వాడే మాటకు ‘ఉయ్యాల’ అని అర్థం. మూడేళ్ళు నిండాక పిల్లల్ని వేరుచేసేవారు. బాగుచేయలేని వాళ్ళన్న ముద్ర పడినవాళ్ళు చిగిద్ లాంటి మారుమూల గృహాలకు చేరి, చాలామంది అక్కడే చనిపోయారు. 1989 డిసెంబరులో ప్రభుత్వం కూలేనాటికి దేశమంతటా లక్షకు పైగా పిల్లలు గృహాలలో ఉన్నారు. వాళ్ళలో అత్యధికులకు తల్లో తండ్రో బతికే ఉన్నారు. ‘అనాథ’ అన్న మాటను ఈ చర్చలో ఎంత జాగ్రత్తగా వాడాలో ఈ ఒక్క సంగతే చెబుతుంది.

ఆ ఉయ్యాలల లోపలి రోజు ఎలా గడిచేదో కాస్త దగ్గరగా చూడాలి. ఒక్కో ఆయా చేతి కింద పదిహేను ఇరవై మంది పసివాళ్ళు. పాలసీసాను దిండుకు ఆనించి బిడ్డ నోట్లో పెట్టి పక్క మంచానికి వెళ్ళిపోయేవారు. అందరికీ ఒకే వేళకు తిండి, ఒకే వేళకు స్నానం, ఒకే వేళకు వరసగా కుండీల మీద కూర్చోబెట్టడం. మిగతా పొద్దంతా ఊచల మంచంలో పడుకుని పైకప్పు చూడటమో, మోకాళ్ళ మీద ముందుకూ వెనక్కూ ఊగడమో. చూడవచ్చిన వాళ్ళను అన్నిటికన్నా కలవరపెట్టింది అక్కడి నిశ్శబ్దం. ఏడిస్తే ఎవరూ రారని తెలిసిపోయిన బిడ్డ ఏడుపు మానేస్తుంది.

ఈ దృశ్యాలు టీవీలలో చూసి పాశ్చాత్య దేశాల నుంచి జనం కదిలివచ్చారు. 1990 మొదలు 1991 నడిమి వరకు సుమారు పది వేల మంది పిల్లలు దేశం దాటారు. గృహాలలోని పిల్లలే కాదు, పల్లెల్లో తల్లి ఒడిలో ఉన్నవాళ్ళు కూడా దళారుల చేతుల మీదుగా వెళ్ళారు. ప్రభుత్వం 1991లో దత్తతలు ఆపింది, మళ్ళీ తెరిచింది. 1997 తర్వాత, శిశు సంక్షేమానికి ఎక్కువ సొమ్ము పెట్టే ఏజెన్సీలకు ఎక్కువ మంది పిల్లలు అందేలా ఒక పాయింట్ల పద్ధతి నడిచింది. యూరోపియన్ యూనియన్ ఒత్తిడితో 2001లో మళ్ళీ ఆపేశారు. 2005 నుంచి అమలైన చట్టం, విదేశంలోని తాతా నాయనమ్మలకూ అమ్మమ్మలకూ తప్ప ఇంకెవరికీ దత్తత ఇవ్వరాదంది. తర్వాత సడలింపులు వచ్చినా ఆనాటి వరద తిరిగి రాలేదు.

వెళ్ళిన పిల్లలు ఏమయ్యారు? మైకేల్ రటర్ నాయకత్వంలో బ్రిటన్ పరిశోధకులు 165 మంది రుమేనియా పిల్లల్ని చిన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా వెన్నంటి చూశారు. పోల్చడానికి బ్రిటన్‌లోనే పుట్టి ఆర్నెల్ల లోపు దత్తతకు వెళ్ళిన 52 మందిని తీసుకున్నారు. వచ్చినప్పుడు రుమేనియా పిల్లల్లో సగానికి పైగా చిక్కి శల్యమై ఉన్నారు. నాలుగేళ్ళు వచ్చేసరికి ఎత్తూ బరువూ, మాటా చాలావరకు పుంజుకున్నాయి. ఇల్లన్నది బిడ్డకు ఎంతటి మందో చెప్పడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు తెలియదు. అయితే ఒక గీత కనిపించింది. ఆర్నెల్ల లోపు గృహం నుంచి బయటపడినవాళ్ళు బ్రిటన్ దత్తపిల్లలతో దాదాపు సమానంగా ఎదిగారు. ఆర్నెల్లు దాటినవాళ్ళలో చాలామందికి ఏకాగ్రత లోపం, ఆటిజం పోలికలు, కొత్తా పాతా లేకుండా ఎవరితోనైనా వెళ్ళిపోయే తీరు పెద్దయ్యాక కూడా వదలలేదు. ఇరవై దాటాక తీసిన స్కానింగులలో, రుమేనియా దత్తపిల్లల మెదడు పరిమాణం పోలిక జట్టుకన్నా సగటున 8.6 శాతం తక్కువగా తేలింది. గీత దాటినవాళ్ళలో కూడా అయిదింట ఒకరికి ఏ దశలోనూ ఈ ఇబ్బందులు కనబడలేదు. కాబట్టి ఈ అంకెలను ఏ ఒక్క బిడ్డ నుదుటి రాతగానూ చదవకూడదు.

దత్తత తీసుకునేవాళ్ళు కాస్త చురుకైన పిల్లల్నే ఎంచుకుని ఉండవచ్చు కదా అన్న సందేహం అప్పటికీ మిగిలింది. దాన్ని తీర్చింది 2000 తర్వాత చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా బుకారెస్ట్‌లో చేసిన అధ్యయనం. ఆరు గృహాల నుంచి 136 మంది పసివాళ్ళను తీసుకుని, చీటీలు వేసినట్టుగా సగం మందిని పోషక కుటుంబాలకు, అంటే దత్తత కాకుండా తాత్కాలికంగా సాకే ఇళ్ళకు, పంపారు. ఆ దేశంలో పోషక కుటుంబాలన్నవే అప్పటికి అరుదు; 56 ఇళ్ళను పరిశోధకులే వెతికి కుదుర్చుకున్నారు. నాలుగున్నరేళ్ళ వయసులో సగటు ప్రజ్ఞాంకం గృహం జట్టులో 73, పోషక కుటుంబాల జట్టులో 81, ఎన్నడూ గృహం ఎరగని పిల్లల్లో 109. రెండేళ్ళు నిండకముందు ఇల్లు చేరినవాళ్ళు ఎక్కువ కోలుకున్నారు. చీటీ తగలని 68 మంది గురించి చదివినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది. ఆ అధ్యయనం వారి దారికి అడ్డం పడలేదనీ, తర్వాత వేరే ఇల్లు దొరికినవాళ్ళను వెళ్ళనిచ్చారనీ చెప్పడం న్యాయం. మూడేళ్ళ లోపు పిల్లలను గృహాలలో పెట్టే అలవాటు మీద రుమేనియాలో చర్చ మారడానికి ఈ పని తోడ్పడింది. రెండేళ్ళ లోపు పిల్లలను సాధారణంగా గృహాలలో ఉంచరాదని 2004లో చట్టం చేశారు.

ఇక ఆ చాచిన చేతుల సంగతి. బిడ్డ కొత్త చేయాలంటే ముందు పాత ఉండాలి. రోజూ అదే చేయి ఎత్తుకుని, అదే గొంతు పలకరిస్తేనే మరో చేయి పరాయిదవుతుంది. షిఫ్టు మారిన ప్రతిసారీ మనిషి మారే చోట ఎవరూ పరాయివాళ్ళు కారు, ఎవరూ సొంతవాళ్ళూ కారు. గృహం బిడ్డ చాచే చేతులు ఆ లేమికి గుర్తు. ఆ బిడ్డను తెచ్చుకున్న ఇంట్లో ఒక రోజు పక్కింటావిడను చూసి పిల్ల తల్లి కొంగు వెనక్కి తప్పుకుంటే, ఆ దత్తత అసలు ఫలించిన రోజు అదే.

ఈ చరిత్ర తెలుగు నేలకు పరాయిది కాదు. 1999లోనూ 2001లోనూ నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు లంబాడా తండాల నుంచి ఆడపిల్లల్ని దళారులు కొద్దిపాటి సొమ్ముకు తెచ్చి దత్తత సంస్థలకు చేర్చారన్న కేసులు హైదరాబాద్‌ను కుదిపేశాయి. ఆ పిల్లల తల్లిదండ్రులు తండాలలోనే ఉన్నారు. కాగితాల మీద మాత్రం పిల్లలు అనాథలు. విదేశీ డబ్బు రావడం మొదలైతే గృహాలను నింపడానికి పిల్లలు ఎక్కడి నుంచో పుట్టుకొస్తారన్న రుమేనియా పాఠమే ఇక్కడా రుజువైంది. ప్రభుత్వం కట్టడి చేసింది, చేయవలసిందే. అయితే కేసులు నడిచినంత కాలం ఆ పసివాళ్ళు గృహాలలోనే ఎదిగారు. తప్పు పెద్దవాళ్ళది, కరిగిపోయిన నెలలు పిల్లలవి.

విదేశీ దత్తతల మీద నడిచిన లక్ష్మీకాంత్ పాండే కేసులో 1984లో సుప్రీంకోర్టు ముందు దేశంలోనే ఇల్లు వెతకాలంది. విదేశానికి ఇవ్వవలసి వస్తే సాధ్యమైనంత వరకు మూడేళ్ళు నిండకముందే ఇవ్వడం మేలని కూడా చెప్పింది. మొదటి మాట నేటికీ సరైనదే. విదేశీ దత్తతల మీద భారత్ 2003లో ధ్రువీకరించిన హేగ్ ఒప్పందం సారాంశమూ అదే. రెండో మాట రటర్ పరిశోధనకు ముందటిది. మూడేళ్ళన్నది చాలా ఆలస్యమని ఇప్పుడు మనకు తెలుసు. 2015 నాటి బాలల న్యాయ చట్టం, వదిలేసిన బిడ్డకు రెండేళ్ళ లోపయితే రెండు నెలల్లో దత్తతకు అర్హత తేల్చమంది. తల్లిదండ్రులు అప్పగిస్తే మనసు మార్చుకోవడానికి అరవై రోజులిచ్చింది. ఈ గడువులను తగ్గించమని నేను అనను; తండా తల్లికి ఆ అరవై రోజులే రక్ష. విచారణ నిదానంగానే జరగాలి, వేచి ఉండటం తప్పదు. ఆ వేచి ఉండే కాలం బిడ్డ ఎక్కడ గడుపుతోందన్నదే అసలు విషయం.

అదే బాలల న్యాయ చట్టంలోని 44వ సెక్షన్ పోషక కుటుంబాలకు చోటిచ్చింది. నిబంధనల దృష్టి మాత్రం ప్రధానంగా పెద్ద పిల్లల మీదే నిలిచింది. పసివాళ్ళు జిల్లా శిశుగృహాలలోనే ఉంటున్నారు. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆర్నెల్ల లోపు బిడ్డలకు శిక్షణ పొందిన పోషక కుటుంబాలను ముందే సిద్ధం చేసి ఉంచాలి. బిడ్డ చివరికి కన్నతల్లి దగ్గరికే తిరిగి వెళ్ళినా, హైదరాబాద్ ఇంటికి వెళ్ళినా, అమెరికాలోని తెలుగు దంపతుల ఇంటికి వెళ్ళినా ఆ నెలలు ఒకే మనిషి ఒడిలో గడవాలి. విదేశీ దత్తత కోసం దరఖాస్తు పెట్టే తెలుగువారు మొదట అడగవలసిన ప్రశ్న కూడా ఒకటుంది: ఈ బిడ్డను ఇన్నాళ్ళూ ఎత్తుకున్నదెవరు?