బస్సెక్కని ఆటగాళ్లు

ఈ వారం ఒక ఫుట్‌బాల్ సీజన్ గురించి రాస్తున్నాను. ఆటలంటే ఆసక్తి లేనివాళ్లు కూడా చివరిదాకా చదవమని మనవి. ఇది ఆట కంటే ఎక్కువగా బడ్జెట్ గురించిన కథ.

2013 అక్టోబర్ 18, శుక్రవారం. అమెరికాలో లూసియానా రాష్ట్రం, ఉత్తరాన గ్రాంబ్లింగ్ అనే చిన్న ఊరు. అక్కడున్న గ్రాంబ్లింగ్ స్టేట్ యూనివర్సిటీ జట్టు మరుసటి రోజు పక్క రాష్ట్రం మిసిసిపీలో జాక్సన్ స్టేట్ యూనివర్సిటీతో ఆడాలి. రెండూ నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన యూనివర్సిటీలే. పైగా అది జాక్సన్ స్టేట్ హోమ్‌కమింగ్ వారం. హోమ్‌కమింగ్ అంటే ఎక్కడెక్కడో స్థిరపడ్డ పాత విద్యార్థులు పిల్లాపాపలతో కాలేజీకి తిరిగొచ్చే పండగ. మన ఊళ్లలో జాతర ఎలాగో అక్కడ వాళ్లకి అది అలాగ. టికెట్లు అమ్ముడయ్యాయి. బ్యాండు సిద్ధంగా ఉంది. బస్సులు సిద్ధంగా ఉన్నాయి.

ఆటగాళ్లు బస్సెక్కలేదు.

ఆ వారం మంగళవారమే యూనివర్సిటీ అధికారులతో జరిగిన సమావేశంలోంచి వాళ్లు లేచి వచ్చేశారు. బుధ, గురువారాలు ప్రాక్టీసుకు పోలేదు. శుక్రవారం ప్రయాణం మానేశారు. శనివారం ఆట రద్దయింది. రికార్డుల్లో గ్రాంబ్లింగ్ ఓడినట్టు రాసుకున్నారు. ఓటమి వాళ్లకు కొత్తేం కాదు, ఆ సీజన్లో అప్పటికి ఒక్క ఆటా గెలవలేదు. 'ఓడిపోతున్నారు కాబట్టి అలిగారు' అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

వాళ్లు రాసిన లేఖలో ఏముందో చూడండి. ఆటగాళ్ల గదుల్లో గోడలకీ పైకప్పుకీ బూజు. బరువులెత్తే గదిలో నేల లేచిపోయి కాళ్లకి తగులుతోంది. ఉతికీ ఉతకని యూనిఫాంలతో చర్మవ్యాధులు వస్తున్నాయి. వేసవి శిక్షణలో స్టేడియం కింద ఉన్న గొట్టం నీళ్లే తాగాల్సి వచ్చింది. కాన్సాస్ సిటీకి, ఇండియానాపొలిస్‌కి ఆడటానికి పదిహేను గంటలు అటూ ఇటూగా బస్సులో కూర్చుని వెళ్లారు. దిగాక, వంద కిలోలకు పైబడ్డ మనుషులు వచ్చి గుద్దుకునే ఆట ఆడాలి. హాస్టల్ జీవితం తెలిసినవాళ్లకు ఈ జాబితా కొత్తగా అనిపించదు.

ఇంకో ముక్క కూడా చెప్పాలి. ఆ పాడైన నేల బాగుచేయించడానికి కోచ్ బయట దాతల దగ్గర డబ్బు పోగు చేసి సామాను తెప్పించాడు. 'పద్ధతి ప్రకారం రాలేదు' అని యూనివర్సిటీ యాజమాన్యం దాన్ని వేయనివ్వలేదు. సామాను మూలన పడి ఉంది. పిల్లలు లేచిపోయిన నేల మీదే బరువులెత్తారు. సీజన్ మొదలైన కొద్ది రోజులకే, సెప్టెంబర్లో, ఆ కోచ్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు.

ఆ కోచ్ ఎవరో తెలుసా? డగ్ విలియమ్స్. ఆ పేరు బరువు తెలియాలంటే వెనక్కి వెళ్లాలి.

1901లో ఉత్తర లూసియానా నల్ల రైతులు తమ పిల్లలకో బడి కావాలనుకున్నారు. ఆ రైతు సంఘం టస్కెగీలో ఉన్న బుకర్ టి. వాషింగ్టన్‌కి కబురు పెడితే, ఆయన చార్లెస్ పి. ఆడమ్స్ అనే తన విద్యార్థిని పంపాడు. అలా మొదలైన బడే గ్రాంబ్లింగ్. దానికి ఐదు మైళ్ల దూరంలో, రస్టన్ అనే ఊళ్లో, 1894 నుంచీ తెల్లవాళ్ల కాలేజీ ఒకటి ఉంది. ఇప్పుడది లూసియానా టెక్ యూనివర్సిటీ. ఐదు మైళ్లంటే ఎనిమిది కిలోమీటర్లు. ఒకే జిల్లాలో, ఒకే ప్రభుత్వం కింద రెండు కాలేజీలు. ఊరికొకటి, వాడకొకటి అని మనం అనుకోవచ్చు. ఈ రెండు వరసల ఏర్పాటు చట్టవిరుద్ధమని అమెరికా కేంద్ర ప్రభుత్వమే 1974లో లూసియానా మీద కేసు వేసింది. 1981లో ఒక ఒప్పందం, 1994లో ఇంకో ఒప్పందం కుదిరాయి. కాలేజీలు మాత్రం రెండుగానే ఉన్నాయి.

1941లో గ్రాంబ్లింగ్‌కి ఎడ్డీ రాబిన్సన్ అనే 22 ఏళ్ల కుర్రాడు కోచ్‌గా వచ్చాడు. అంతకుముందు బాటన్ రూజ్‌లో దాణా మిల్లులో గంటకి 25 సెంట్ల కూలీ. ఇక్కడ జీతం నెలకి 63 డాలర్ల 95 సెంట్లు. కోచ్ అంటే కోచింగ్ ఒక్కటే అనుకోకండి. మైదానంలో గడ్డి కోసేది ఆయనే, సున్నంతో గీతలు గీసేది ఆయనే. బయటి ఊళ్లకు ఆడటానికి వెళ్తే దారిలో ఏ హోటలూ నల్లవాళ్లకి కూర్చోబెట్టి తిండి పెట్టదు. అందుకని ఆటగాళ్లకి శాండ్‌విచ్‌లు చేసి మూట కట్టేదీ ఆయనే. రెండో ఏడాదికే, 1942లో, ఆయన జట్టు ఆడిన 9 ఆటలూ గెలిచింది. ఎదుటి జట్లు మొత్తం సీజన్లో ఒక్క పాయింటు కూడా చేయలేకపోయాయి.

ఆయన తొలినాళ్ల గురించి గ్రాంబ్లింగ్‌లో ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది. ముఖ్యమైన ఆటకు ముందు ఇద్దరు అన్నదమ్ములు జట్టులోంచి మాయమయ్యారు. పత్తి ఏరే కాలం, తండ్రి వాళ్లని చేలోకి పిలిపించుకున్నాడు. రాబిన్సన్ ఆ తండ్రితో వాదించలేదు. జట్టు మొత్తాన్ని తీసుకెళ్లి చేలో దింపి పత్తి ఏరించాడు. పని అయ్యాక పిల్లల్ని వెంటబెట్టుకొచ్చాడు. పత్తి కాలం వస్తే బడి మానే పిల్లల్ని చూసిన మహబూబ్‌నగర్, గుంటూరు టీచర్లకు ఆ తండ్రి ఎవరో, ఆ కోచ్ ఎందుకు మాట్లాడకుండా చేలో దిగాడో వేరే చెప్పనక్కర్లేదు.

రాబిన్సన్ 1997 దాకా అక్కడే ఉన్నాడు. 408 విజయాలు. 200 మందికి పైగా ఆటగాళ్లని ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌కి పంపాడు. 1949లో టాంక్ యంగర్ అనే గ్రాంబ్లింగ్ కుర్రాడు లాస్ ఏంజెలెస్ రామ్స్‌లో చేరాడు. నల్లజాతి కాలేజీ నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి అడుగుపెట్టిన మొదటివాడు అతనే.

అయితే ఒక స్థానం మాత్రం నల్లవాళ్లకి మూసే ఉండేది. క్వార్టర్‌బ్యాక్. బంతి ఎవరికి విసరాలి, ఎదుటివాళ్ల ఎత్తు ఏమిటి, క్షణంలో లెక్కగట్టి జట్టుని నడిపేవాడు. నల్లవాడు పరుగెత్తుతాడు, గుద్దుతాడు, కానీ ఆలోచించలేడు అని తెల్ల యజమానులు, కోచ్‌లు నమ్మేవాళ్లు. కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడినవాడిని ప్రొఫెషనల్ జట్టులోకి తీసుకోగానే వేరే స్థానానికి మార్చేసేవాళ్లు. ఒంటితో చేసే పని వీళ్లది, తలతో చేసే పని మాది. ఈ విభజన ఎవరికి తెలియదు గనక?

రాబిన్సన్ పట్టుబట్టి తయారుచేసిన జేమ్స్ హారిస్ 1969లో బఫలో జట్టు తరఫున సీజన్ మొదటి ఆటలోనే క్వార్టర్‌బ్యాక్‌గా దిగాడు. ఆ తర్వాత డగ్ విలియమ్స్. 1978లో మొదటి రౌండులోనే టాంపా బే తీసుకుంది. 1988 జనవరి 31న వాషింగ్టన్ జట్టు తరఫున సూపర్ బౌల్ ఆడాడు. రెండో క్వార్టర్ ఒక్కదాంట్లోనే నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు. డెన్వర్ మీద 42-10 గెలుపు. సూపర్ బౌల్ గెలిచిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అతనే, ఆ రోజు అత్యుత్తమ ఆటగాడూ అతనే.

పాతికేళ్ల తర్వాత నేల మరమ్మతు కోసం చందాలడిగి, ఉద్యోగం పోగొట్టుకున్న కోచ్ ఆ మనిషే.

ఇక్కడ ఇంకో పాత సంగతి చెప్పకపోతే నేను అబద్ధమాడినట్టే. గ్రాంబ్లింగ్‌లో ఆటని అందరూ నెత్తిన పెట్టుకోలేదు. 1967 సీజన్లో, రాబిన్సన్ జట్టు దేశమంతా పేరు తెచ్చుకుంటున్న రోజుల్లో, 'ఇన్ఫార్మర్స్' అనే విద్యార్థి బృందం క్లాసులు బహిష్కరించింది. ఈ కాలేజీలో ఫుట్‌బాల్‌కి ఉన్న విలువ చదువుకి లేదు, మాకు మంచి పాఠాలు కావాలి అన్నది వాళ్ల వాదన. గవర్నర్ నేషనల్ గార్డుని పిలిచాడు. కొందరు విద్యార్థులను కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. అదే సీజన్ చివర, డిసెంబర్లో, మయామీలో ఫ్లోరిడా ఎ అండ్ ఎం మీద గ్రాంబ్లింగ్ 28-25తో గెలిచింది. చరిత్ర పుస్తకాల్లో ఎక్కువగా ఆ గెలుపే కనిపిస్తుంది.

నా మటుకు నాకు ఆ పిల్లలు అడిగింది న్యాయమే అనిపిస్తుంది. రాబిన్సన్ మీద గౌరవం తగ్గకుండానే ఈ మాట అంటున్నాను. ఆయన ఉద్యమాల్లోకి దిగినవాడు కాదు, వ్యవస్థతో గొడవపడకుండా దాని లోపలే పిల్లలకి దారి వేద్దామనుకున్నాడు. కానీ ఆ కాలేజీకి ఆట ఎందుకంత ముఖ్యమైందో కూడా చూడాలి. రాష్ట్రం సరిపడా డబ్బివ్వదు. పెద్ద పెద్ద ఆస్తులు రాసిచ్చే దాతలు లేరు. దేశానికి ఈ కాలేజీ ఉందని తెలిసేది ఫుట్‌బాల్ వల్ల, బ్యాండు వల్ల. 1968 సెప్టెంబర్లో న్యూయార్క్ యాంకీ స్టేడియంలో మోర్గన్ స్టేట్‌తో గ్రాంబ్లింగ్ ఆడితే 60 వేల మందికి పైగా వచ్చారు. ఇంటి దగ్గర చిన్న స్టేడియంలో ఆడితే ఖర్చులు కూడా రావు. అందుకని జట్టు ఎప్పుడూ బస్సులోనే ఉండేది. 2013లో ఇండియానాపొలిస్ దాకా బస్సులో ఎందుకు వెళ్లారో దీంతో అర్థమవుతుంది. డబ్బొచ్చే ఆట అక్కడుంది కాబట్టి.

డబ్బు కోసం ఆడే ఆటల్లో ఇంకో రకం ఉంది. పెద్ద యూనివర్సిటీ చిన్న యూనివర్సిటీని పిలిచి, ఇంత ఇస్తాం, వచ్చి మా మైదానంలో ఆడండి అంటుంది. ఫలితం ఏమిటో ఆడకముందే ఇద్దరికీ తెలుసు. చిన్నవాళ్లు దెబ్బలు తిని చెక్కు పట్టుకెళ్తారు. ఆ చెక్కుతో మిగతా ఆటల ఖర్చులు గడుస్తాయి. చెక్కు యూనివర్సిటీకి, దెబ్బలు కుర్రాళ్లకి.

మరో దెబ్బ ఎవరూ ఊహించని వైపు నుంచి తగిలింది. 1960ల చివరిదాకా దక్షిణాదిలో పెద్ద తెల్ల యూనివర్సిటీలు చాలావరకు నల్ల ఆటగాళ్లను చేర్చుకోలేదు. కాబట్టి మెరికల్లాంటి కుర్రాళ్లు గ్రాంబ్లింగ్‌కో, జాక్సన్ స్టేట్‌కో, ఫ్లోరిడా ఎ అండ్ ఎం‌కో వచ్చేవాళ్లు. తలుపులు తెరుచుకున్నాక వాళ్లంతా అటు వెళ్లారు. వెళ్లొద్దని ఎవరంటారు? అక్కడ స్టేడియం ఉంది, టీవీ ఉంది, మంచి డాక్టర్లున్నారు. కానీ ఆ తలుపుల్లోంచి ఆటగాళ్లు మాత్రమే వెళ్లారు. తెల్ల కాలేజీల డబ్బు ఇటు రాలేదు. ఆటగాళ్లలో నల్లవాళ్లు, లాభాల్లో తెల్ల సంస్థలు, ఇవాళ్టికీ కాలేజీ ఫుట్‌బాల్ చిత్రం దాదాపు ఇదే.

ఇప్పుడు 2013కి వద్దాం. అప్పటి లూసియానా గవర్నర్ బాబీ జిందాల్. పూర్తి పేరు పీయూష్ జిందాల్. తల్లిదండ్రులు పంజాబ్ నుంచి వెళ్లినవాళ్లు. 2007లో ఆయన గెలిచినప్పుడు మన దేశపు పత్రికలు, టీవీలు 'మనవాడు' అని ఎంత పొంగిపోయాయో గుర్తుందా? ఆ మనవాడి పాలనలో ఉన్నత విద్యకి పడ్డ కోతలు అమెరికాలోనే అతి లోతైన వాటిలో ఉన్నాయి. 2008 నుంచి 2013 మధ్య గ్రాంబ్లింగ్‌కి రాష్ట్రం ఇచ్చే నిధులు సగానికి పైగా పడిపోయాయి. కోత అందరికీ పడింది అంటారు. నిజమే. కానీ దాచిన డబ్బున్న ఇంట్లో జీతం తగ్గడం వేరు, రోజుకూలీ ఇంట్లో పని దొరకకపోవడం వేరు. తెల్ల యూనివర్సిటీలకు ఫీజులు పెంచుకోవడానికి కట్టగలిగిన తల్లిదండ్రులున్నారు, ధనవంతులైన పాత విద్యార్థులున్నారు. గ్రాంబ్లింగ్‌లో ఫీజు పెంచితే పిల్లలు చదువు మానేస్తారు. కత్తెర ఒక్కటే, గుడ్డ మాత్రం ఒక్కటి కాదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఆటగాళ్లకి ఎదురుగా కూర్చున్న యాజమాన్యం కూడా నల్లవాళ్లే. వాళ్ల చేతిలో డబ్బు లేదు, ఆ మాట బయట చెప్పుకునే ధైర్యమూ లేదు. పైనుంచి వచ్చిన కోతని కింద ఉన్న పిల్లల మీద పంచడమే వాళ్ల పాలన అయిపోయింది. దాతల నేలని ఆపడానికి మాత్రం వాళ్లకి అధికారం ఉంది! ఈ తప్పు వాళ్లదే, దాన్ని జిందాల్ మీద వేయలేం.

సమ్మె వారంలోనే, గురువారం నాడు, తాత్కాలిక కోచ్‌ని కూడా మార్చారు. పిల్లలు సోమవారం ప్రాక్టీసుకి తిరిగొచ్చారు. సీజన్ పూర్తి చేయమని వాళ్లకి సలహా ఇచ్చినవాళ్లలో ఉద్యోగం పోయిన డగ్ విలియమ్స్ కూడా ఉన్నాడు. స్కాలర్‌షిప్ మీద చదివే కుర్రాళ్లు ఐదారు రోజులు నిలబడటం చిన్న సంగతి కాదు. ఆడనంటే స్కాలర్‌షిప్ పోతుంది, స్కాలర్‌షిప్ పోతే చదువు పోతుంది. ఆ ఐదారు రోజుల్లో దేశంలోని టీవీలన్నీ గ్రాంబ్లింగ్‌కి వచ్చాయి. పత్రికల్లో బూజు ఫోటోలు పడ్డాయి. అంతకుముందు ఏళ్ల తరబడి రాసుకున్న వినతిపత్రాలకు రాని జవాబు అప్పుడు వచ్చింది, మరమ్మతుల మాట మొదలైంది.

శిక్ష కూడా వచ్చింది. ఆట ఎగ్గొట్టినందుకు కాన్ఫరెన్సు గ్రాంబ్లింగ్‌కి 20 వేల డాలర్ల జరిమానా వేసింది. హోమ్‌కమింగ్ పాడైనందుకు జాక్సన్ స్టేట్ నష్టపరిహారం అడిగింది. పేద కాలేజీ ఇంకో పేద కాలేజీని డబ్బడగడం చూస్తే, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు. జాక్సన్ స్టేట్ పాత విద్యార్థుల పండగ నిజంగానే పాడైంది మరి.

సీజన్ 1-11తో ముగిసింది. మూడేళ్లకి, 2016లో, అదే గ్రాంబ్లింగ్ కాన్ఫరెన్సు గెలిచి, అట్లాంటాలో సెలబ్రేషన్ బౌల్‌లో నార్త్ కరోలినా సెంట్రల్‌ని 10-9తో ఓడించింది.

2023 సెప్టెంబర్లో అమెరికా విద్యా, వ్యవసాయ మంత్రులు 16 రాష్ట్రాల గవర్నర్లకు లేఖలు రాశారు. 1890 చట్టం కింద ఏర్పడ్డ నల్లజాతి ల్యాండ్-గ్రాంట్ యూనివర్సిటీలకు, అదే రాష్ట్రంలోని తెల్ల ల్యాండ్-గ్రాంట్ యూనివర్సిటీలతో సమానంగా ఇవ్వాల్సిన డబ్బు ఇవ్వలేదని లెక్క తేల్చారు. మూడు దశాబ్దాలకి 1,200 కోట్ల డాలర్లకు పైగా తేలింది. లూసియానాలో సదరన్ యూనివర్సిటీ ఒక్కదానికే వంద కోట్ల డాలర్లకు పైన. గ్రాంబ్లింగ్ ల్యాండ్-గ్రాంట్ యూనివర్సిటీ కాదు. ఆ లెక్కలో దాని పేరు లేదు.