ఇంధన గుళికలు

ఇంధన గుళికలు రంపపు పొట్టును, పంట వ్యర్థాలను అధిక ఒత్తిడితో అచ్చులోంచి నెట్టి తయారుచేసే ఘన ఇంధనం. కట్టెలోని లిగ్నిన్ వేడికి మెత్తబడి పొట్టును అంటిస్తుంది కాబట్టి సాధారణంగా వేరే జిగురు అవసరం ఉండదు. గుళిక వ్యాసం 6 నుంచి 8 మిల్లీమీటర్లు, తేమ 10 శాతంలోపు.

1973 చమురు సంక్షోభం తర్వాత ఉత్తర అమెరికాలో వీటి వాడకం పెరిగింది. అక్కడి ఇళ్లలో చలికాలానికి ముందే సుమారు 18 కిలోల సంచుల్లో కొని నిల్వ చేస్తారు. కొన్ని పొయ్యిలలో ఎండిన మొక్కజొన్న గింజలనూ కాలుస్తారు. నిల్వలో రెండు జాగ్రత్తలు ముఖ్యం. తడి తగిలితే గుళికలు ఉబ్బి పొడిగా విడిపోతాయి. గాలి ఆడని గదిలో పెద్ద మొత్తంలో ఉంచితే ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది.

ఉత్తర అమెరికాలోలా కాకుండా, తెలంగాణలోని సికింద్రాబాద్‌లో ఇళ్లను వేడిచేయాల్సిన అవసరం దాదాపు లేదు. పక్కనే ఉన్న బేగంపేటలో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 1946 జనవరి 8 నాటి 6.1 డిగ్రీల సెల్సియస్. చలి కాచుకోవడానికి బొగ్గుల కుంపటి, నెగడు సరిపోయేవి. మూసిన గదిలో కుంపటి కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది.

తెలంగాణలో పత్తి కట్టె, మొక్కజొన్న బెండ్లు, వరి ఊక సమృద్ధిగా దొరుకుతాయి. ఇవి గుళికలకు తగిన ముడిసరుకు. పత్తి కట్టె లాంటి వాటిని పొలంలోనే తగలబెట్టడం కంటే గుళికలుగా మార్చడం మేలైన వినియోగం. అయితే దేశంలో గుళికలకు ప్రధాన గిరాకీ ఇళ్లది కాదు, పరిశ్రమల బాయిలర్లది, విద్యుత్ కేంద్రాలది. బొగ్గు ఆధారిత విద్యుత్ కేంద్రాలు బొగ్గుతోపాటు జీవ ఇంధన గుళికలనూ కలిపి కాల్చాలని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2021 అక్టోబరులో ఆదేశించింది.